ముసలి వేషాల మేష్టారు

మా పత్రిక నన్ను సాలూరులో ఉంచింది అల్లర్ల వార్తలు పంపడానికి. గూడెం వైపు మన్యం తిరుగుబాటు గొడవలు అణిగి అప్పటికి కొన్నేళ్లయింది. అయినా కొండల్లో మళ్లీ ఏదో ఒకటి రేగుతుందని మా సంపాదకుడి నమ్మకం. ఏమీ రేగలేదు. సంతకు దిగిన చింతపండు గురించి, ఘాటీ రోడ్డు మీద ఇరుసు విరిగిన బళ్ల గురించి, చలిజ్వరాల గురించి రాసి పంపేవాణ్ని. అందులో సగం అచ్చయ్యేది కాదు. వారానికి ఒక కాలమైనా నింపకపోతే నన్ను వెనక్కి పిలిచేస్తారని భయం ఉండేది. అందుకని ఏది కనబడితే అది రాసేవాణ్ని.

ఒక ఏడు వానలు వెనకబట్టాక ఊరి బయట బయస్కోపు డేరా వేశారు. అవి మూగ బొమ్మల రోజులు. తెర మీద అక్షరాలు పడినప్పుడు పక్కన ఒకాయన నిలబడి గట్టిగా చదివేవాడు, నడుమ తన సొంత మాటలు కూడా కలిపేవాడు. కొండ దిగి సంతకు వచ్చినవాళ్లు కావిళ్లు బయట దించుకుని నేల మీద కూర్చుని చూసేవారు. నేను బెంచీ మీద కూర్చున్నాను.

కథ ఒక రాజకుమారుడిది. ఆ రాజకుమారుడి మొహం మర్నాటికే మరిచిపోయాను. మధ్యలో ఒక ముసలి కుమ్మరి వస్తాడు. అతని భార్య చచ్చిపోతుంది. అతను ఏడుస్తాడు. తర్వాత పాక్కుంటూ గుడికి పోయి అమ్మవారి ముందు సాష్టాంగపడతాడు. అంతా కలిపి అయిదారు నిమిషాలుంటుంది. ఆ కాసేపూ డేరాలో దగ్గు కూడా వినబడలేదు.

ఆ వారం నా దగ్గర రాయడానికి ఇంకేమీ లేదు. బొమ్మ గురించి రాసి, కుమ్మరి దగ్గరకు వచ్చేసరికి ఇలా ముగించాను: "కడుపులో భక్తి లేనివాడు ఇలా సాష్టాంగపడలేడు. ఈ నటుడు అమ్మవారికి మొక్కినది వేషం కాదు." వాక్యం నాకు నచ్చింది. మా సంపాదకుడికీ నచ్చింది, ఒక్క అక్షరం కూడా కొట్టకుండా వేశాడు.

నెల తిరిగాక ఒక ఉదయం, నేను బసచేసిన మిద్దె మెట్ల మీద ఎవరో ఆగి ఆగి దగ్గుతూ ఎక్కుతున్న చప్పుడు వినబడింది. తలుపు దగ్గరికి వచ్చిన మనిషికి ముప్ఫయ్యయిదేళ్లుంటాయి. లోపలికి పోయిన బుగ్గలు, శుభ్రంగా ఉతికిన చొక్కా. చేతిలో మడత పెట్టిన కాగితం ముక్క.

"పేపరుకి రాసేది మీరేనాండి?"

నేనేనన్నాను.

"ఆ ముసలి కుమ్మరిని నేనేనండి."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు.

"గెడ్డం ఊడదీస్తే ఎవరూ గుర్తుపట్టరండి. మద్రాసులో మా మేనేజరే ఓ మాటు గేటు దగ్గర ఆపేసి ఎవరు కావాలన్నాడు." కుర్చీలో కూర్చుని ఊపిరి కూడదీసుకున్నాడు. "పొగిడేరని దణ్ణం పెట్టడానికి రాలేదండి. మీరు రాసిన ఈ ముక్కే నా పీకకి చుట్టుకుంది."

ఆ కాగితం నా వ్యాసమే. కత్తిరించి, చివరి రెండు వాక్యాల కింద ఎవరో సిరాతో గీత గీశారు.

ఆయన చెప్పింది ఇది. అరకు వైపు కొండల్లో ఒక పల్లెలో మిషను బడి మేష్టారుగా ఉండేవాడు. వాళ్లది క్రైస్తవ కుటుంబం, పల్లెలో సగం ఇళ్లు ఆ సంఘంలోవే. ఇరవయ్యేళ్ల వయసులో క్రిస్మసు నాటకంలో ముసలి గొర్రెల కాపరి వేషం వేశాడు. అదే మొదలు. తర్వాత ఒక నాటక సమాజంలో చేరాడు, అక్కణ్నించి మద్రాసులో బొమ్మలు తీసే చోటికి వెళ్లాడు. భార్య మాత్రం కొండమీద తండ్రి దగ్గరే ఉండిపోయింది. ఏడాది కిందట కొండజ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఇప్పుడు ఆయనకు క్షయ. మద్రాసులో డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు.

"నాటకాలాడినంతకాలం సంఘం ఊరుకుందండి. మందలించేవారు, అంతే. కానీ విగ్రహానికి మొక్కేనని తెలిసేక బల్ల నుంచి తీసేసేరు." బల్ల అంటే ప్రభువు భోజనపు సంస్కారం. దాన్నుంచి తీసేశారంటే సంఘం నుంచి వెలి వేసినట్టే. "మా గుడి పాదిరి అయ్యగారు ఉత్తరంలో ఈ ముక్క పెట్టి పంపి, ఇది నిజమేనా అని అడిగేరు."

"వేషమని చెప్పకపోయారా?"

"వేషం కాదని మీరు రాసేరు గదండి."

నేను ఆ కాగితం మడిచి తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

"వెలిలో ఉండి చచ్చిపోతే సమాధుల తోట గోడకి బయటే పెడతారండి. మా ఆవిడ లోపలుంది. ఆవిడ పక్కన ఒక మనిషికి చాలినంత జాగా ఉంది. నాకు కావలసింది అదొక్కటేనండి. మీరు ఒక్కసారి కొండెక్కి, అది పేపరు కోసం రాసిన మాటేగాని నిజం కాదని పెద్దలతో చెప్పాల."

వస్తానన్నాను. చలిజ్వరం తగిలి ఆయన నాలుగు రోజులు సాలూరులోనే ఆగిపోయాడు. నేను రోజూ సాయంత్రం వెళ్లి కూర్చునేవాణ్ని. తగ్గినప్పుడల్లా తన పని గురించి చెప్పేవాడు. ఎవరూ అడగని విషయాలను ఒకరు అడుగుతున్నందుకు సంతోషపడేవాడు. ఎరుపు రంగు బొమ్మలో నల్లగా పడుతుందని, అందుకే పెదాలకు ఎరుపు రాస్తే మనిషి బొగ్గు తిన్నట్టుంటాడని చెప్పాడు. ఎండ ఉన్నంతసేపే పని. మబ్బు పడితే రాజూ రాణీ సహా అందరూ చెట్టు కింద కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకోవడమే. ముసలి వేషానికి నడుం వంచితే చాలదు, ముందు మోకాళ్లు వంచాలన్నాడు.

"పదమూడు బొమ్మల్లో వేసేనండి. తొమ్మిదింట్లో చచ్చిపోయేను. నేను పోతేగాని కథ కదిలేది కాదు."

ఏడుపు గురించి కూడా చెప్పాడు. "అరచేత్తో కన్నీళ్లు తుడుచుకుంటే మొహానికి పూసిన రంగంతా చెదిరిపోతాదండి. మళ్లీ పూసేసరికి ఎండ పోతాది. అందుకని చెయ్యి వెనక్కి తిప్పి, మణికట్టుతో కింద నుంచి పైకి ఇలా అద్దుకోవాల." చేసి చూపించాడు. తలుపులోంచి పడిన వెలుగులో ఆ చెయ్యి ఒక్క క్షణం ముసలివాడి చెయ్యిలా వణికింది. తర్వాత మామూలుగా కిందికి దిగింది.

కొండ మొదలు దాకా బండి మీద వెళ్లాం. అక్కణ్నించి నడక. మామూలు మనిషి ఒక పూటలో ఎక్కే దారి మాకు రెండు రోజులు పట్టింది. పది అడుగులు వేసి కూర్చునేవాడు. పైన వలిసెలు పూసి చేలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. ఆయన తలెత్తి చూడలేదు. రెండో రోజు ఒక గెడ్డ ఒడ్డున నీళ్లు తాగుతూ, నేను అడగకుండానే, ఇంకో సంగతి చెప్పాడు.

"ఆ బొమ్మలో కుమ్మరి ఏడుస్తాడు చూసేరు, అది వేషం కాదండి. ఆ రోజు పొద్దున్నే అయ్యగారి ఉత్తరం వచ్చింది. ఆవిడకి జ్వరం ముదిరింది, బేగి రమ్మని. మేనేజరుకి చూపించేను. ఎండ బాగుంది, ఈ ఒక్క రోజు కానిచ్చి రేపు వెళ్లమన్నాడు. జేబులో ఉత్తరం పెట్టుకునే ఏడిచేనండి. ఎదర చచ్చినట్టు పడుకున్నావిడ మొహం నాకు కనబడనేలేదు."

"మరి ఆ సంగతి సంఘంలో చెప్పండి."

"చెప్పలేనండి. ఉత్తరం అందేక ఒక రోజు ఆగేనని మా మావగారికి తెలుస్తాది. నేను వచ్చేసరికి పాతిపెట్టి రెండు రోజులయింది. ఆ ఒక్క రోజు ఆగకపోయినా అందేవాణ్ని కాదు, ఎన్నోసార్లు లెక్కేసుకున్నాను. కానీ ఆ లెక్క ఎవరికి చెప్పను? మీరు కూడా చెప్పకండి."

చెప్పనన్నాను.

పల్లె చేరాక ఆయన ఇంటికి పోలేదు. నేరుగా సమాధుల తోట దగ్గరికి నడిచాడు. నడుం ఎత్తు రాతి గోడ, సంఘంలోవాళ్లు సొంత చేతులతో పేర్చుకున్నది. గోడ మీద చెయ్యి ఆనించి, "అదిగోండి" అన్నాడు. చిన్న కొయ్య సిలువ, దాని పక్కన గడ్డి మొలిచిన ఖాళీ నేల. చాలాసేపు ఉన్నాం. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

ఆదివారం ఆరాధన జరుగుతున్నంతసేపూ ఆయన సంఘం ప్రార్థన గుడి బయట మెట్టు మీద కూర్చున్నాడు. వెలిలో ఉన్నవాళ్ల చోటు అది. ఆరాధన అయ్యాక లోపలికి పిలిచారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద ఉన్నారు. అయ్యగారు నెమ్మదైన మనిషి, కళ్లజోడు తాడుతో చెవులకు కట్టుకున్నాడు. ఆయన పక్కన సంఘ పెద్ద, అంటే మేష్టారి మామ. కొండ రైతు, బలమైన భుజాలు, తెల్లగా నెరిసిన జుట్టు. బొమ్మ సాలూరు వచ్చినప్పుడు చూసి రమ్మని సంఘం ఈయన్నే పంపిందట.

అయ్యగారు నా వ్యాసం ముక్క పైకెత్తి, "ఇది రాసింది మీరేనా?" అన్నాడు.

"నేనే."

"నిజమని తెలిసి రాసేరా?"

"లేదండీ. చదవడానికి బాగుంటుందని రాశాను. ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది?"

సంఘ పెద్ద నావైపు తిరిగాడు. "బాగుంటాదని ఏటైనా రాసేత్తారా బాబూ మీ పేపర్ల?"

ఆడవాళ్ల పక్కన నవ్వులు వినబడ్డాయి.

"మరైతే గూడెం గొడవలూ అలగే రాసినారేటి?"

ఈసారి మగవాళ్లూ నవ్వారు. నేను చెప్పడానికి వచ్చింది చెప్పేశాను. దాని వల్ల ఒరిగింది మాత్రం, ఇక నేను ఏం చెప్పినా ఎవరూ నమ్మకపోవడం.

అయ్యగారు మేష్టారిని అడిగాడు. "విగ్రహం ముందు పడినప్పుడు నీ మనసులో ఏముంది? దేవుడి ఎదట చెప్పు."

"ఎండండి."

"ఎండేమిటి?"

"ఎండ వాలిపోతోందండి. ఇంకోసారి తియ్యడానికి వెలుగు మిగలదు. బేగి పడాల, నీడ మొహమ్మీద పడకుండా పడాల. అదే ఉందండి నా మనసులో."

"అమ్మోరు నేదేటి?" అన్నాడు మామ.

"అమ్మోరు అట్టతో చేసింది మావా. వెనకంతా బోలు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మామ నవ్వలేదు. కాస్త ఆలోచించాడు. ఆ ఆలోచనలో పగ నాకు కనబడలేదు. ఒక విత్తనం మంచిదో పుచ్చో చూసే రైతు అలాగే ఆగుతాడు.

"బోలు బొమ్మకే అలగ మొక్కినావు. డేరాల ఉన్నోలందరికీ నిజిమే అనిపించినావు. ఈ బాబుకీ అనిపించినావు. రేపు ఈడ మోకాలేసి పాపం ఒప్పుకున్నావనుకో, అది నిజిమని మాకెలగ తెలుస్తాది? నివ్వే సెప్పు."

 పదమూడు బొమ్మల్లో నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నతో మేష్టారికే ఎదురు తిరిగింది. ఆయన నెమ్మదిగా నేల మీద మోకాళ్లూనాడు.

"మావా, నాకు బల్ల వద్దు. రొట్టె వద్దు. ఆవిడ పక్కన ఇంత జాగా ఇయ్యండి."

అని ఏడిచాడు. ఆ ఏడుపును నేను దగ్గర నుంచి చూశాను. భుజాలు అదిరిపడుతున్నాయి, దగ్గు అడ్డొస్తోంది, ముక్కు కారుతోంది. అందులో అందం ఏమీ లేదు. నా పక్కనున్న ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక అయిపోయింది, ఒప్పుకుంటారనుకున్నాను.

అప్పుడాయన చెయ్యి పైకి లేచింది. వెనక్కి తిరిగింది. మణికట్టుతో, కింద నుంచి పైకి, కళ్లద్దుకున్నాడు.

మామ లేచి నిలబడ్డాడు.

"ఈ ఏడుపు నాను సాలూరుల సూసినాను." గొంతు పెద్దది చెయ్యలేదు. "బొమ్మల కూడా సెయ్యి ఇలగే తిప్పినాడు. ఇలగే అద్దుకున్నాడు. నా కూతురు ఈడ సచ్చిపోతంటే ఆడ ఎవుర్తి కోసమో ఏడిసినాడు. ఆ ఏడుపే మల్లీ తెచ్చినాడు."

 మేష్టారు తన చేతివైపు చూసుకున్నాడు. అలా తుడుచుకున్నట్టు ఆయనకే తెలియదని ఆ చూపు చెప్పింది. తర్వాత నావైపు చూశాడు. నేను లేవబోతున్నానని కనిపెట్టాడు. వద్దన్నట్టు కొంచెంగా తలూపాడు. కూర్చున్నాను. ఆయన వద్దన్నందుకే కూర్చున్నానని చాలాకాలం చెప్పుకున్నాను. బాగుంటుందని రాసేవాణ్నని అప్పుడే అందరి ఎదట ఒప్పుకున్నవాణ్ని. జేబులో ఉత్తరం ఉందని నేను చెబితే అది మరో మంచి వాక్యమనుకుంటారు. ఆ భయమూ ఉంది.

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మూడు నెలల తర్వాత వచ్చే బల్ల దాకా చూద్దామన్నాడు. అప్పటిదాకా ప్రతి ఆదివారం మెట్టు మీద కూర్చోవాలి, నడవడి చూసి నిర్ణయిస్తారు. ఎవరికైనా అదే పద్ధతి, కొత్తగా పెట్టింది కాదు. మూడు నెలలన్నప్పుడు మేష్టారు మళ్లీ దగ్గాడు. మెడలు తిప్పి చూసినవాళ్లందరికీ ఆయన అన్నాళ్లు బతకడని తెలుసు.

మర్నాడు నేను కొండ దిగాను. ఆయన పల్లె చివర దాకా వచ్చాడు. "పదమూడు బొమ్మల్లో వంచిన మోకాళ్లండి, నిజంగా వంచితే ఎవరూ నమ్మలేదు" అని నవ్వబోయాడు. 

అయిదు ఆదివారాలు మెట్టు మీద కూర్చున్నాడట. ఆరో ఆదివారం రాలేదు. సంతకు దిగిన ఆ పల్లెవాళ్లు చెప్పారు. అప్పటికి పాతిపెట్టి నాలుగు రోజులైంది. గోడకు బయటే. కానీ కనీసం గోడ వారనైనా, ఆమెకు దగ్గరగా పెడదామని కొందరు అనుకున్నారు. అయ్యగారు కూడా సరేనన్నాడు. తవ్వితే మోకాలి లోతులో బండ తగిలింది. పక్కన ఇంకో చోట తవ్వారు. అక్కడా బండే. మూడోసారి తవ్వే ఓపిక లేక మెత్తని నేల వెతుక్కుంటూ వాలు కిందికి, వలిసె చేను గట్టు దాకా పోయారు. గోడ అక్కణ్నించి కనబడదు.

ఆ తర్వాత రెండు వారాలకు సంతలో ఆ మామ ఎదురుపడ్డాడు. కావిడిలో చింతపండు. నేను దాచాల్సింది ఇక ఎవరి కోసమూ లేదు. ఉత్తరం సంగతి, ఎండ సంగతి, ఒక రోజు ఆగిన సంగతి మొత్తం చెప్పాను. ఆయన వింటూ చింతపండు బుట్ట మీద ఈగలు తోలుతూనే ఉన్నాడు. కోప్పడతాడనుకున్నాను. బేరానికి వచ్చినవాడికి చింతపండు తూచి ఇచ్చాడు.

పై వారం తనే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఆ బొమ్మ మల్లీ వస్తాదా బాబూ?"

"ఎందుకు?"

"నానప్పుడు కోపంగా సూసినాను. సరిగ్గా సూడనేదు. ఎవుర్తి కోసం ఏడిసినాడో ఇప్పుడు సూత్తే తెలుస్తాది."

డేరావాళ్లు అప్పటికి ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కుని వాళ్ల మేనేజరుకు రాశాను. జవాబు రావడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా ప్రతి సంతకూ ముసలాయన మిద్దె కింద నిలబడి పైకి చూసేవాడు. జవాబులో ఇలా ఉంది: బొమ్మ ఇంకా ఆడుతోంది, కాని కుమ్మరి ఏడ్చే ముక్క మాటిమాటికీ తెగిపోతుంటే కత్తిరించి పారేశాం, ఇప్పుడు భార్య పోగానే కుమ్మరి నేరుగా గుడికి పోతాడు, చూసేవాళ్లకు తేడా తెలియడం లేదు.

అది ఆయనకు చదివి చెప్పాను.

"మొక్కింది ఉంచి, ఏడిసింది తీసేసినారా?"

అవునన్నాను.

కావిడి పక్కన నేల మీద కూర్చున్నాడు. చుట్టూ సంత నడుస్తూనే ఉంది. ఎవరో కోళ్లను తలకిందులుగా పట్టుకుని మా మధ్య నుంచి పోయారు.

"నివ్వు సూసినావు గదా బాబూ. నివ్వు సెప్పు. ఎలగ ఏడిసినాడు?"

చెబుదామని కళ్లు మూసుకున్నాను. డేరా గుర్తొచ్చింది, బెంచీ గుర్తొచ్చింది, తెర పక్కనాయన గొంతు గుర్తొచ్చింది. కుమ్మరి ఏడుపు దగ్గరికి వచ్చేసరికి నేను రాసిన రెండు వాక్యాలే అచ్చక్షరాలతో సహా కనబడ్డాయి. వాటి వెనక బొమ్మ లేదు. కొండమీద సంఘం గుడిలో చూసిన ఏడుపు ఉంది, కాని ఆయన అడిగింది అది కాదు.

"బాగా ఏడిచాడు" అన్నాను. "నిజంగా ఏడిచాడు."

ముసలాయన నా మొహంలోకి చూశాడు.

"బాగుంటాదని సెప్తన్నావేటి బాబూ?"

ఎగతాళిగా అనలేదు. తెలుసుకుందామనే అడిగాడు. నా నుంచి జవాబు రాకపోయేసరికి లేచి, అమ్ముడుపోని చింతపండుతోనే కావిడి భుజానికెత్తుకుని, ఘాటీ దారి పట్టాడు.